ఆగడానికి కాస్త వ్యవధి



పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటల్లో కోత జరిగేటప్పుడు గమనించండి. లారీ వచ్చి నిలబడగానే కాయలు ఎక్కించరు. ముందు అడుగున వరిగడ్డి మందంగా పరుస్తారు. పక్క చెక్కలకు ఆనించి గడ్డి కూరుతారు. ఆ తర్వాతే గంపలు పైకి లేస్తాయి. అరటిపండుది ఇంకా సుకుమారం. ఎగుమతికి పోయే గెలను హస్తాలుగా కోసి, కడిగి, ఆరబెట్టి, హస్తానికీ హస్తానికీ నడుమ పల్చని ఫోమ్ షీటు పెట్టి అట్టపెట్టెల్లో సర్దుతారు. 2020 జనవరిలో తాడిపత్రి స్టేషన్ నుంచి ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు అరటిపండ్ల ప్రత్యేక రైలు నడిచింది. రాయలసీమ అరటి అంత దూరం పోయి, అక్కణ్ణుంచి ఓడెక్కి పరాయి దేశపు అంగట్లో మచ్చ లేకుండా కనబడాలంటే దారి పొడుగునా ఆ మెత్త ఉండి తీరాలి.

అంత శ్రద్ధగా లోడు పంపించిన రైతు సాయంత్రం మోటారు సైకిలెక్కి ఇంటికి బయల్దేరతాడు. హెల్మెట్ ఇంట్లో గూట్లో ఉంటుంది. లేదంటే బండి అద్దానికి వేలాడుతుంటుంది. కాయకు కుదిరిన మెత్త ఆయన తలకు కుదరలేదు. నేను పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి బతికినవాణ్ణి. కాయకూ తలకూ మధ్య ఉన్న ఈ తేడా నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. అందుకే ఈ రోజు దీని గురించి మాట్లాడతాను.

కదిలే వస్తువు ప్రతిదానికీ ద్రవ్యవేగం అనేది ఒకటి ఉంటుంది. దాని ద్రవ్యరాశిని దాని వేగంతో గుణిస్తే వచ్చేదే అది. 60 కిలోల మనిషి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల చొప్పున పోతుంటే ఆయన ద్రవ్యవేగం 900. ఆయన ఆగాలంటే ఆ 900 మొత్తం సున్నా కావాలి. దాన్ని సున్నా చేసేది బలం. ఎంత బలం, ఎంతసేపు అన్న రెండింటినీ గుణిస్తే వచ్చేదాన్ని ప్రచోదనం అంటారు. ఐజక్ న్యూటన్ 1687లో అచ్చువేసిన గ్రంథంలో చెప్పిన రెండో నియమం సారం ఇదే. ద్రవ్యవేగంలో వచ్చిన మార్పు ఎంతో, ప్రచోదనం కచ్చితంగా అంతే. ఒక్క పిసరు తక్కువ కాదు, ఎక్కువ కాదు.

ప్రొద్దుటూరు వ్యాపారస్తులకు ఇది అప్పు లెక్కలా చెబితే తొందరగా అందుతుంది. 900 రూపాయల బాకీ ఉంది. ఎగ్గొట్టే దారి లేదు, వడ్డీ తగ్గించమని బతిమాలే దారీ లేదు. కాని ఒక్క వెసులుబాటు మాత్రం ఉంది. మొత్తం ఒకే దెబ్బన కక్కవచ్చు, లేదా కంతుల మీద తీర్చవచ్చు. ఒకే దెబ్బన కక్కాలంటే సంసారం కూలుతుంది. కంతులు ఎన్ని ఎక్కువైతే ఒక్కో కంతు అంత చిన్నదవుతుంది. ఢీకొన్నప్పుడు మన ఒంటి మీద పడే బలం ఆ కంతు. ఆగడానికి పట్టే కాలం ఆ గడువు. బాకీ మాత్రం రెండు పద్ధతుల్లోనూ అదే 900.

అందుకే, ఢీకొన్నాక ఆగడం ఎటూ తప్పదు గాని, ఎంతసేపట్లో ఆగాలన్నది చాలావరకు మన చేతిలోని పని. అదీ మనం సెకన్లలో సంపాదించుకునే కాలం కాదు. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే అందులో పదో ఇరవయ్యో ముక్కలు. ఆ కాస్త కాలానికే ప్రాణం దక్కుతుంది.

చీనీకాయ దగ్గరికే వద్దాం. 200 గ్రాముల కాయ ఆరడుగుల ఎత్తునుంచి జారిపడితే నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు దాదాపు 6 మీటర్లు. కింద నాపబండ ఉందనుకోండి. సెకనులో వెయ్యోవంతులు రెండు గడిచేలోపు కాయ ఆగిపోతుంది. ఆ రెప్పపాటులో దాని మీద పడే బలం 60 కిలోల బరువుకు సమానం. పైకి చెక్కు చెదరలేదనిపించినా లోపల తొనలు నలిగి, రెండు రోజుల్లో మచ్చ పడి, వారంలో కుళ్లు పడుతుంది. కింద జానెడు గడ్డి ఉంటే అదే కాయ ఆగడానికి వెయ్యోవంతులు 30 దాకా పడతాయి. అప్పుడు బలం 4 కిలోల బరువుకు దిగుతుంది. కాయ అదే, ఎత్తు అదే, వేగమూ అదే. గడ్డి చేసిన పనల్లా తాను నలిగి కాయకు కాస్త వ్యవధి ఇవ్వడమే.

బలం తగ్గించుకోవాలంటే వ్యవధి పెంచాలి. బలం పెంచుకోవాలంటే వ్యవధి తగ్గించాలి. ఈ రెండో సంగతి తెలిసినవాళ్లు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక సందుల్లో ఉన్నారు. రేకును సాగగొట్టాలంటే పనివారు దాన్ని ఇనుప పట్టెడ మీద పెట్టి సుత్తితో కొడతారు. పట్టెడ కదలదు, వంగదు. సుత్తి ఆగడానికి వ్యవధి దొరకదు. అంత చిన్న సుత్తే పెద్ద బలమై లోహాన్ని పరుస్తుంది. అదే మనిషి అదే రేకు మీద లతలో, హంసలో, దేవతామూర్తినో లేపాలనుకున్నప్పుడు పట్టెడ పక్కన పెట్టేస్తాడు. రేకును లక్క మీద అతికించి ఉలితో తడతాడు. లక్క లోపలికి వెసులిస్తుంది. దెబ్బ కాస్త నిదానిస్తుంది, రేకు చిరగకుండా ఉబ్బుతుంది. ఏ దెబ్బకు ఎంత వ్యవధి ఇవ్వాలో ఆ చేతికి తెలుసు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి గనుల్లో బండను చీల్చే చేతికీ తెలుసు. సమ్మెట తలకు మెత్తని గుడ్డ చుట్టి కొడితే ఏ రాయీ పగలదు.

ఇప్పుడు తల సంగతి.

మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. మోటారు సైకిలు మీద కూర్చున్నవాడి తల నేలకు ఐదారు అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆరడుగులే అనుకుందాం. అంత ఎత్తునుంచి పడితే చీనీకాయకు వచ్చిన వేగమే తలకూ వస్తుంది. సెకనుకు 6 మీటర్లు. కిందపడే వేగానికి బరువుతో పని లేదు కదా. ద్రవ్యవేగం 30. తారు రోడ్డుకు పుర్రె నేరుగా తగిలి, వెయ్యోవంతులు రెండింటిలో ఆగిపోతే తల మీద పడేది 15 క్వింటాళ్ల బరువంత బలం. ఒక్క అంగుళం మందాన థర్మోకోల్ అడ్డం ఉండి, అది నలుగుతూ నలుగుతూ తలను వెయ్యోవంతులు ఎనిమిదింటిలో ఆపితే బలం నాలుగు క్వింటాళ్ల లోపలికి వస్తుంది. మొదటిది పుర్రెను పగలగొట్టే బలం. రెండోది దెబ్బే, నొప్పే, కాని మనిషి లేచి ఇంటికి పోవడానికి అవకాశమున్న దెబ్బ.

ఈ లెక్కలో బండి వేగం ఎక్కడా రాలేదని గమనించారా? మన ఊళ్లలో అందరూ చెప్పే కారణం ఒకటుంది. "పక్క వీధికే కదన్నా, నిదానంగానే పోతాను, దానికి హెల్మెట్ ఎందుకు" అంటారు. ప్రొద్దుటూరు గాంధీ రోడ్డులో కూరగాయలకు పోయినా, తల ఉన్న ఎత్తు మారదు. కుక్క అడ్డమొచ్చి, నిలబడ్డ బండి మీదనుంచి పక్కకు ఒరిగి పడ్డా తల రోడ్డును తాకే వేగం సుమారు అదే 6 మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని పుట్టించింది ఇంజను కాదు, భూమి ఆకర్షణ. పెట్రోలు ఆదా చేసినా ఆ వేగం ఆదా కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. బండి 60లో పోతూ జారితే మనిషి రోడ్డు మీద పడి ముందుకు దొర్లుతాడు, ఈడ్చుకుపోతాడు. ముందుకు పోయే ద్రవ్యవేగం ఆ ఈడ్పులో, కొన్ని సెకన్ల పాటు, చర్మమూ బట్టలూ చింపుతూ కరుగుతుంది. తలకు మాత్రం పైనుంచి కిందికి పడ్డ దెబ్బే ప్రధానం. అందువల్లనే అంగుళం థర్మోకోల్ అంత వేగంలోనూ ఎందరినో కాపాడుతోంది. ఎదురుగా లారీ ఉండి నేరుగా దానికి తల తగిలితే ఆ అంగుళం చాలదు. ఈ మాట దాచకూడదు. హెల్మెట్ పెట్టుకున్నాను గనక 90లో పోతానంటే లెక్క ఒప్పుకోదు. వేగం రెట్టింపైతే, అదే బలంతో ఆగడానికి నాలుగు రెట్లు దూరం కావాలి. థర్మోకోల్ మాత్రం ఆ అంగుళమే.

వేగం చంపదు, వేగం ఆగిన తీరు చంపుతుంది అనడానికి ఒక సాక్ష్యం చెబుతాను. అమెరికా వైమానిక దళంలో జాన్ స్టాప్ అనే వైద్యుడు ఉండేవాడు. 1954 డిసెంబర్ 10న న్యూమెక్సికోలో పట్టాల మీద పరుగెత్తే రాకెట్ బండిలో తనను తాను పట్టీలతో గట్టిగా బిగించుకుని కూర్చున్నాడు. బండి గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకుంది. అంత వేగంనుంచి 1.4 సెకన్లలో నిలిచిపోయింది. ఆయన శరీరం ఒక దశలో భూమి ఆకర్షణకు 46 రెట్లు బలాన్ని మోసింది. కళ్లలో రక్తం చేరి కాసేపు చూపు పోయింది, తర్వాత తిరిగి వచ్చింది. ఆ పరీక్ష తర్వాత ఆయన మరో 45 ఏళ్లకు దగ్గరగా బతికి, 1999లో కన్నుమూశాడు. ఇప్పుడు మన పక్క వీధి మనిషిని చూడండి. హెల్మెట్ లేకుండా ఒరిగి పడ్డవాడి తల మీద, ఇందాక చెప్పిన లెక్క ప్రకారం, భూమి ఆకర్షణకు 300 రెట్లు బలం పడుతుంది. వెయ్యి కిలోమీటర్ల వేగంనుంచి ఆగినవాడు బతికాడు. 20 కిలోమీటర్ల వేగంనుంచి ఆగినవాడు పోతున్నాడు. ఒకరికి వ్యవధి దొరికింది, ఒకరికి దొరకలేదు.

హెల్మెట్ అలవాటు వ్యాపించడం వెనక ఒక చావు ఉంది. అరేబియా లారెన్స్‌గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో ఇంగ్లండులో మోటారు సైకిలు మీదనుంచి పడి, తలకు దెబ్బ తగిలి ఆరు రోజులకు చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ చావు ఆయనను వదల్లేదు. సైన్యంలో మోటారు సైకిళ్ల మీద వార్తలు మోసే జవాన్ల తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ఎంత అవసరమో 1941లో వైద్య పత్రికలో రాశాడు. ఒక రోగిని బతికించలేకపోయిన వైద్యుడు, తాను ఎన్నడూ చూడని లక్షల మందిని బతికించాడు. ఈ కథ తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

హెల్మెట్ లోపలి మెత్త గురించి ఇంకొంచెం చెప్పాలి. మన వాళ్లు కొనేటప్పుడు చెయ్యి పెట్టి చూసి, మెత్తగా ఉంటే మంచిదనుకుంటారు. రోడ్డు పక్కన పోగు పోసి అమ్మేవాటిలో చాలావాటికి ప్లాస్టిక్ చిప్ప, దాని లోపల పల్చని స్పాంజి, అంతే ఉంటుంది. స్పాంజి బొటనవేలితో నొక్కితేనే అణిగిపోతుంది. తల తగిలినప్పుడు అది మొదట్లోనే, ఏ బలమూ తీసుకోకుండా, పూర్తిగా అణిగిపోతుంది. వేగం దాదాపు అలాగే మిగిలి ఉంటుంది. అప్పుడు పుర్రె గట్టి చిప్పకు తగులుతుంది. బాకీ అంతా చివరి క్షణంలో ఒకేసారి కట్టాల్సి వస్తుంది. మరీ గట్టిదైనా అంతే, మొదటి క్షణంలోనే కట్టించేస్తుంది. కావలసింది నడుమ రకం. పుర్రె ఓర్చుకునే బలానికి కాస్త తక్కువ దగ్గర నలగడం మొదలుపెట్టి, తన మందం ఉన్నంతవరకూ ఒకే తీరుగా నలుగుతూ పోవాలి. థర్మోకోల్‌లోని సన్నని గాలి గదులు ఒకదాని తర్వాత ఒకటి చితికి ఆ పని చేస్తాయి. చితికినవి మళ్లీ లేవవు. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత బాగున్నా అది పనికిరాదు. దాని గడువు అయిపోయింది.

గడ్డం కింద పట్టీ బిగించకపోతే ఈ లెక్క అంతా వృథా. పడీ పడకముందే హెల్మెట్ ఎగిరిపోతుంది, తల ఒంటరిగా పోయి తగులుతుంది. పోలీసు కనబడగానే పెట్టుకుని, ఊరు దాటగానే తీసేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. తారు రోడ్డు ఎవరికీ మినహాయింపు ఇవ్వదు.

ఇక కార్ల సంగతి. "పాత అంబాసిడర్ ఎంత గట్టిగా ఉండేది సార్, ఇప్పటి కార్లు చిన్న దెబ్బకే నుజ్జవుతున్నాయి" అని చాలామంది అంటారు. నుజ్జు కావడమే ఇప్పటి కార్ల గుణం. బేలా బరెన్యి అనే ఇంజనీరు మెర్సిడెస్ బెంజ్ కంపెనీలో 1950ల మొదట్లో ఈ ఆలోచనకు పేటెంటు సంపాదించాడు. మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండాలి, దాని ముందూ వెనకా ఉన్న భాగాలు నలగాలి. కారు ముందు భాగం రెండడుగులు నలిగిందంటే, 54 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆగడానికి సెకనులో వందోవంతులు ఎనిమిది దొరుకుతాయి. 60 కిలోల మనిషి మీద పడే బలం అప్పుడు 11 క్వింటాళ్ల చిల్లర. సీటు పట్టీ ఆ బలాన్ని ఛాతీ మీద, నడుము ఎముకల మీద పరిచి పట్టుకుంటుంది. భుజాల, పక్కటెముకల నొప్పితో బయటపడవచ్చు.

కాని ఆ వందోవంతులు ఎనిమిది కారువి. పట్టీ కట్టుకున్నవాడికే అందులో వాటా. కట్టుకోనివాడికి లేదు. కారు ముందు భాగం నలుగుతున్నంతసేపూ అతను అదే 54 కిలోమీటర్ల వేగంతో సీటు మీదనుంచి ముందుకు పోతూనే ఉంటాడు. కారు ఆగిపోయాక అతను స్టీరింగుకో, అద్దానికో తగులుతాడు. వాటికి నలిగే గుణం లేదు. వందోవంతు సెకనులో ఆగితే 90 క్వింటాళ్ల బరువంత బలం. లోడెత్తిన చిన్న లారీ ఛాతీ మీద నిలబడ్డట్టే. వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ 1959లో భుజం మీదుగా, నడుము మీదుగా పోయే మూడు కొసల పట్టీని రూపొందించాడు. ఆ కంపెనీ పేటెంటు హక్కు పట్టుకుని కూర్చోకుండా ప్రపంచంలోని కార్ల కంపెనీలన్నీ వాడుకోవడానికి వదిలేసింది. ఇరవయ్యో శతాబ్దంలో వ్యాపార సంస్థలు చేసిన మంచి పనుల్లో ఇంత పెద్దది నాకు ఇంకొకటి తోచదు.

మన ఇరుగుపొరుగున జరిగిన ఒక విషాదం ఇక్కడ చెప్పక తప్పదు. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ శాసనసభ అభ్యర్థి శోభా నాగిరెడ్డి గారు నంద్యాలలో ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు తిరిగి వస్తున్నారు. ఊరికి దగ్గర్లో రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటిని తప్పించబోయి బండి బోల్తా పడింది. ఆమె బండిలోంచి బయటికి పడిపోయారు. మరునాడు హైదరాబాదు ఆసుపత్రిలో కన్నుమూశారు. సీటు పట్టీ పెట్టుకోలేదని అప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఆ మరుసటి నెలలో వెలువడిన ఫలితాల్లో ఆళ్లగడ్డ ప్రజలు, లేని ఆమెనే గెలిపించారు. ఆ దారిలో ప్రొద్దుటూరు, మైదుకూరు వాళ్లు రోజూ తిరుగుతారు. బోల్తా పడ్డ బండిలో పట్టీ చేసే మేలు రెండింతలు. లోపల పట్టి ఉంచుతుంది, బండి దొర్లుతూ ఆగే కాలమంతా మనదవుతుంది. బయటికి విసిరేస్తే ఆపేది నేలే.

ఆ రాత్రి దారికి అడ్డమైన వడ్ల గురించి కూడా అనాలి. జమ్మలమడుగు రేగళ్లలో శనగ, జొన్న, పొద్దుతిరుగుడు ఇంటికొచ్చే కాలంలో సగం రోడ్డు కల్లమైపోతుంది. చుట్టూ రాళ్లు పేరుస్తారు, సాయంత్రం గింజలు ఎత్తుకుని రాళ్లు అక్కడే వదిలేస్తారు. రైతు కష్టం నాకు తెలుసు. కల్లానికి చోటు లేకనే రోడ్డెక్కుతున్నాడు. పంచాయతీలు సిమెంటు కల్లాలు వేయించి ఇవ్వడం రైతుకు చేసే మేలే గాక, ప్రాణాలు కాపాడే పని.

వెనక సీటు వాళ్లకు పట్టీ అక్కర్లేదన్న నమ్మకం చాలా గట్టిది. 2022 సెప్టెంబర్ 4న ముంబై దగ్గర పాల్‌ఘర్‌లో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లోనే. పట్టీ పెట్టుకోలేదు. కారు ఖరీదైనదే, నలగవలసిన చోట నలిగింది కూడా. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వెనక కూర్చున్నవాళ్లూ పట్టీ పెట్టుకోవాలి. వాళ్లు పెట్టుకోకపోతే నష్టం వాళ్లకే కాదు. వెనకనుంచి ఎగిరి వచ్చిన 60 కిలోల మనిషి ముందు కూర్చున్న అన్న వీపు మీదనే ఆగుతాడు.

ఒళ్లో బిడ్డను పెట్టుకున్న తల్లులకు మరొక లెక్క. 10 కిలోల బిడ్డ, కారు వేగం 50. సెకనులో పదోవంతులో కారు ఆగితే, ఆ బిడ్డను ఒళ్లోనే ఉంచడానికి చేతులు పట్టవలసిన బలం 140 కిలోల బరువంత. ఏ తల్లి చేతికీ అది శక్యం కాదు. ప్రేమ తక్కువై కాదు, ఎముకలకు, కండరాలకు అంత శక్తి లేక. ముందు సీట్లో ఒళ్లో బిడ్డ ఉంటే ఎయిర్ బ్యాగ్ కూడా శత్రువే. అది సెకనులో ముప్ఫయ్యో వంతులో పేలినట్టు ఉబ్బుతుంది. పట్టీ కట్టుకుని వెనక్కి ఆనుకుని కూర్చున్న పెద్దవాళ్ల కోసం చేసింది అది. పసివాడికి దాని దెబ్బే పెద్ద దెబ్బ. మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టిన బిడ్డకు తండ్రి ఛాతీ వెనకనుంచి వచ్చే సుత్తి, హ్యాండిలు పట్టెడ. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరని 2019లో సవరించిన చట్టం చెబుతోంది. అంతకన్న చిన్నవాళ్లకు బండి నడిపేవారితో కట్టి ఉంచే పట్టీ, చిన్న హెల్మెట్ ఉండాలని, బండి 40 దాటకూడదని 2022లో కేంద్రం నియమం పెట్టింది. మన ఊళ్లలో ఆ పట్టీని నేను ఇంకా చూడలేదు.

పులివెందుల, జమ్మలమడుగు దారుల్లో తిరిగే పెద్ద బండ్లకు ముందర లావుపాటి ఇనుప గార్డులు కనబడతాయి. చూడటానికి దర్పంగా ఉంటాయి. నలగాల్సిన భాగాన్ని అవి నలగనివ్వవు. దెబ్బను నేరుగా చట్రానికి చేరవేస్తాయి. ఎయిర్ బ్యాగ్‌కు కబురందించే పరికరం సరైన వేళకు మేల్కోకపోవచ్చు. ఎదురుగా నడిచే మనిషికి తగిలితే ఆ మనిషి దక్కడు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే వీటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది. డబ్బిచ్చి బిగించుకున్న గార్డు, కంపెనీ ఎంతో పరిశోధించి ఇచ్చిన వందోవంతులు ఎనిమిదింటినీ లాగేసుకుంటుంది. గార్డు ఉన్నవాళ్లు తీసేయండి. ఇందులో రెండో మాట లేదు.

రోడ్డు పక్క ఆగిన లారీ ఇంకో గండం. మైదుకూరునుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా తాడిపత్రికి పోయే 67వ నంబరు జాతీయ రహదారిలో, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లో రాత్రిపూట లైట్లు లేకుండా లారీలు ఆగి ఉంటాయి. కారు వెనకనుంచి వచ్చి కొడితే, లారీ తొట్టి కారు బానెట్‌కు పైన, అద్దానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. నలగాల్సిన ముందు భాగం కిందినుంచి దూరిపోతుంది, దానికి ఏదీ తగలదు. మొదట తగిలేది మనిషికే. అందుకే లారీల వెనక కింది భాగంలో ఆ ఇనుప అడ్డకడ్డీ పెట్టమన్నారు. అది వంగిపోయి వేలాడుతుంటే వెంటనే బాగు చేయించడం లారీ యజమాని బాధ్యత. ఎర్రటి మెరుపు స్టిక్కర్లకు పెద్ద ఖర్చు కాదు.

గువ్వలచెరువు ఘాటు లాంటి చోట్ల మలుపు దగ్గర వంపులు తిరిగిన ఇనుప రేకు అడ్డం ఉంటుంది. బండి తగిలితే వంగుతుంది. వంగుతూ బండిని తన వెంట పక్కకు తిప్పుతుంది. దాన్ని విప్పి పాత ఇనుముకు అమ్ముకునేవాళ్లూ ఉన్నారని వింటుంటాం. అది దొంగతనంతో పోయే పాపం కాదు.

ఆర్టీసీ బస్సుల్లో ముందు సీటు కమ్మీని పట్టుకుని కునికేవాళ్లు నుదురు దాని మీద ఆనించకండి, తలను చేతి మడతలో పెట్టుకోండి. షేర్ ఆటోలకు నలిగే భాగమూ లేదు, పట్టీ లేదు. కూలికి పోయే తల్లులను పదీ పన్నెండు మందిని కుక్కి, డ్రైవరు పక్కన ఇద్దరిని కూర్చోబెట్టి తోలే ఆటోకు భౌతికశాస్త్రం ఏ రక్షణా ఇవ్వలేదు. మనుషులు తక్కువ, వేగం తక్కువ, అక్కడ ఉన్నవి ఆ రెండే.

శ్రోతలారా, ఈ ప్రసంగం అయ్యాక మీ ఇంట్లోని హెల్మెట్ ఒకసారి చేతిలోకి తీసుకోండి. వెనక ఐఎస్ఐ గుర్తు, దాని మీద ఐఎస్ 4151 అన్న సంఖ్య ఉందా చూడండి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ మన దేశంలో అమ్మడమే నేరం. లోపలి గుడ్డ కాస్త పక్కకు తీసి చూడండి. అంగుళం మందాన గట్టి థర్మోకోల్ కనబడాలి. స్పాంజి మాత్రమే కనబడితే దాన్ని పారేయండి. బండికి వేల రూపాయల అలంకారాలు చేయిస్తున్నాం, దీనికి వెనకాడవద్దు. పట్టీ బక్కిలు చప్పుడు చేస్తూ పట్టుకుంటోందా, లాగితే ఊడుతోందా చూడండి. వెనక కూర్చునే అమ్మకో, ఆలికో, చెల్లెలికో ఇంకొకటి కొనండి. ఆమె తల కూడా అదే ఎత్తులో ఉంటుంది.